బొట్టు పెట్టుకున్న కుర్చీ

ఆ రోజుల్లో భయపడటానికి చీకటి పడక్కర్లేదు, మిట్టమధ్యాహ్నం చాలేది. రోగం భయంతో లోకమంతా తలుపులు మూసుకుని కూర్చున్న వేసవి అది. తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో పుట్టి పెరిగినవాడికి మిల్లు కూత వినపడకపోతే ఆకలి కూడా సరిగ్గా వెయ్యదు. పొద్దున కూతకి కాఫీ, మధ్యాహ్నం కూతకి అన్నం, అలా మా ఊరి కడుపులన్నీ మిల్లు గడియారం మీదే నడుస్తాయి. ఆ కూత ఆగిపోయింది. వీధిలో బస్సు లేదు, బండి లేదు, కూరగాయల ఆమె అరుపు లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఎండ ఒక్కటే వీధంతా తిరిగేది. అంత నిశ్శబ్దంలో ఇంట్లో గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే ఉలిక్కిపడేవాళ్ళం. అలాంటి వేళ, అలాంటి ఇంట్లో, కుర్చీ ఆడదా మగదా అని నేను పరిశోధన మొదలుపెట్టాను (బుద్ధున్నవాడు చేసే పనేనా?).

దానికి కారణం మా ఆఫీసు. గాయాలకు కట్టే పల్చటి గుడ్డా, బ్యాండేజీ చుట్టలూ విదేశాలకు పంపే ఒక చిన్న కంపెనీలో నేను కొత్తగా చేరాను. మా మేనేజరుని అందరం చాటున బ్యాండేజీ సారు అనేవాళ్ళం. ఆయన ఒకరోజు ఫోన్ చేసి, స్పెయిన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చే శుక్రవారం మధ్యాహ్నం వీడియోలో మాట్లాడుతుందని, ఆవిడకు ఇంగ్లీషు రాదని, మాట కుదిరితే కంపెనీ నిలుస్తుందని చెప్పారు. "నువ్వు ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటా ఉన్నావు కదప్పా? నువ్వే మాట్లాడాల. మాట్లాడితే నీ వేల నీకే. లేకుంటే నేను చేసేది ఏమీ లేదు" అన్నారు. వేల అంటే మా ఊళ్ళో ఉద్యోగం. ఉద్యోగం పోతే నా గతి ఏమిటో మా ఇంట్లో ముందే తేలిపోయి ఉంది. సేత్తూరులో మా మామ కొబ్బరితోపుకి కాపలా. మా మామ మంచివాడే గానీ ఆయన తోపులో పాములు ఆయనంత మంచివి కావు. అందుకని శుక్రవారంలోగా స్పానిష్ వచ్చి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను.

మాటలు వచ్చాయి. మాటల్లోని ఆడామగా తేడాయే రాలేదు. ఆ భాషలో ప్రాణం లేని వస్తువులు కూడా ఆడవో మగవో అయి తీరాలి. కుర్చీ ఆడది, లా సియ్యా. బల్ల ఆడది, తలుపు ఆడది, కిటికీ ఆడది. గ్లాసు మగవాడు, పుస్తకం మగవాడు, అద్దం మగవాడు. ఎందుకని అడగకూడదు. మీసం మగవాడు, సరే ఒప్పుకుందాం. గడ్డం ఆడదట! ఒకే మొహం మీద సంసారం అన్నమాట. మనకేమో ఈ బాధే లేదు. కుర్చీ విరిగింది, అత్త వచ్చింది అంటాం, రెండిటికీ ఒకటే తోక. మన భాష ఆడవాళ్ళనీ సామాన్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టేసింది (ఈ మాట మా అమ్మ దగ్గర అన్నందుకు ఆ పూట నాకు రసం పొయ్యలేదు). ఎంత బట్టీ పట్టినా సాయంత్రానికి కుర్చీ మీసం పెంచుకునేది, గ్లాసు సిగ్గుపడేది.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఇంట్లో సామాన్లకే గుర్తులు అంటిస్తే చూసినప్పుడల్లా గుర్తుంటుంది కదా! రంగు కాగితాలు కొందామంటే కొట్లు లేవు. అమ్మ అద్దం దగ్గర స్టిక్కరు బొట్ల అట్టలు మాత్రం బోలెడు ఉన్నాయి. నా సంచిలో కంపెనీ శాంపిళ్ళు, తెల్ల ప్లాస్టరు చుట్టలు ఉన్నాయి. ఇంకేం, అందరూ భోంచేసి పడుకున్న వేళ ఆడవాటికి ఎర్రబొట్టు, మగవాటికి ప్లాస్టరు ముక్క అంటించుకుంటూ పోయాను. అయ్యేసరికి మా హాల్లో ఆడవాళ్ళంతా పేరంటానికి బయలుదేరినట్టు, మగవాళ్ళంతా ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినట్టు ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి అక్కడే చాప మీద నిద్రపోయాను.

లేచేసరికి అవ్వ, అంటే మా నాయన తల్లి, గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు నా మీద లేదు. కిటికీ పక్కనున్న పాత టేకు కుర్చీ మీద ఉంది. చేతుల్లేని కుర్చీ అది. దాని వీపు మీద, సరిగ్గా మనిషి కూర్చుంటే నుదురు ఉండేచోట, నేను పెట్టిన ఎర్రబొట్టు.

"కుర్చీకి బొట్టెవురు పెట్టినారు?" అంది అవ్వ.

"నేనే అవ్వా. సుమ్మా." (సుమ్మా అంటే ఊరికే అని. మా ఊళ్ళో దొంగతనం చేసి దొరికినా ఇదే జవాబు.)

"సుమ్మా పెట్టినావా? ఇన్ని సామాన్లు ఉండంగా అది కూర్చునే కుర్చీకే నీ చెయ్యి ఎట్ల పోయినది?"

"స్పెయిను భాషలో కుర్చీ ఆడది అవ్వా. అందుకు పెట్టినాను."

"ఆడదని నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. అది అంతే. కారణమేమీ ఉండదు."

అవ్వ నా వైపు తిరిగింది. "చెయ్యి నీదేరా. నేను కాదనలేదు. పెట్టించినది ఎవురు అని అడుగుతా ఉన్నాను" అంది.

ఇక్కడ మీకు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నాయనకు ఒక చెల్లెలు ఉండేది. నేను పుట్టకముందే, పెళ్ళి కాకుండానే, జ్వరం వచ్చి పోయింది. అలా పోయిన ఆడపిల్ల ఇంటికి కన్ని దేవత అవుతుందని మావైపు నమ్మకం. తాటాకు పెట్టెలో ఆమెకని పావడ, దావణి అనే ఓణీ, గాజులు, దువ్వెన పెట్టి, ఏడాదికోసారి పాత బట్ట తీసి కొత్త బట్ట పెట్టి పూజ చేస్తారు. ఆమె వచ్చి కూర్చుంటుందనుకున్న చోట బొట్టు పెడతారు. ఆమెను కన్ని అనే అంటారు, పేరు పెట్టి పిలవరు. మేము ఈ కొత్త ఇంటికి మారినప్పుడు నాయన ఆ పెట్టెను అటక మీదికి ఎక్కించేసి, ఇంక ఈ పైత్యమంతా వద్దన్నారు. ఆయన మిల్లులో ఫిట్టరు, మర బోల్టు తప్ప దేన్నీ నమ్మరు. ఆ ఏడాది నుంచి బట్ట మార్చలేదు, పూజ లేదు. ఆ కుర్చీ మాత్రం ఆ అత్త మిషను కుట్టేటప్పుడు కూర్చున్నదే. ఇదంతా నాకు కొంచెం కొంచెం తెలుసు. తెలిసీ నిద్రమత్తులో తట్టలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. చిన్నప్పటి నుంచీ దాని కిందే పడుకునే మా తెల్లకుక్క కూడా వసారాలోకి మారిపోయింది (బొట్టు జిగురు వాసనకి అని నా వాదన, ఎవరు వింటారు?). అమ్మ రాత్రి అన్నంలో మొదటి ముద్ద కుర్చీ ముందు పెట్టి వచ్చింది. నేను బొట్లన్నీ పీకేస్తానన్నాను. "పెట్టిన బొట్టు తీస్తావా? తీసి చూడు!" అన్నారు అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకే గొంతుతో. మా ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉండటం నేను చూసిన మొదటి అద్భుతం అదే. నాయన ఒక్కరే, "వాడు పరీక్షకు చదువుకుంటా ఉన్నాడు, మీకేమి పైత్యం?" అని కసిరి, విసురుగా పోయి బల్లకు ఆనుకుని కూర్చున్నారు. మర్నాడు పొద్దున అదే బనీనుతో రేషను కొట్టుకు పోయారు, వీపు మీద ఎర్రబొట్టుతో. ఉక్కకి జిగురు కరిగి బల్ల బొట్టు ఆయనకు అంటుకుంది. వరసలో నిలబడ్డవాళ్ళు ఏమనుకున్నారో గానీ, తిరిగొచ్చాక ఆ వీపు చూసి అవ్వ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "అన్న వీపు ఎక్కినది చూడు. చిన్నప్పుడూ ఇంతే" అంది. అందరూ నవ్వారు, అవ్వ తప్ప.

ఆ మధ్యాహ్నం అవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది. నేను చదువుకుంటున్నాను. "ఏమిరా, అద్దం ఆ భాషలో ఆడదా మగదా?" అని అడిగింది. మగవాడు అవ్వా అన్నాను. "అదీ! అందుకే అది అద్దం ముందర నిలబడేదే కాదు, సిగ్గు" అంది. సూది? ఆడది. కత్తెర? ఆడది. దారం? మగవాడు. అవ్వ అన్నిటికీ తల ఆడిస్తోంది, నేను చెప్పకముందే తనకు తెలిసినట్టు. నిజం చెప్పాలంటే ఏ జవాబు చెప్పినా ఆమె దానికి తగిన జ్ఞాపకం ఒకటి తీసేది. ఆ సంగతి నాకు అర్థమవుతూనే ఉంది, అయినా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడుతున్నాయి. చివరికి అవ్వ చాలా మెల్లగా అడిగింది. "జ్వరం?"

ఆ మాట నాకు రాదు. ఫోన్‌లో వెతికాను. లా ఫియేబ్రే. ఆడది.

"ఆడదే అవ్వా."

"తెలుసును" అంది అవ్వ. "అమ్మవారే వచ్చి తీసుకుపోయినది. ఊరివాళ్ళేమో నేను సరిగా చూసుకోలేదని అన్నారు." ఆమె మొహం తేలికపడటం చూస్తే నాకు గట్టిగా ఏడుపొచ్చింది. ఒక వ్యాకరణం పుస్తకం మనిషికి ఇలాంటి ఊరట ఇవ్వగలదని దాన్ని రాసినవాళ్ళెవరికీ తెలిసి ఉండదు.

సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి చప్పుడు వినపడింది. కట కట కట, ఆగి, మళ్ళీ కట కట. పాత కుట్టుమిషను చక్రం తిరిగే చప్పుడు. ఆ మిషను మీద దుప్పటి కప్పి ఏళ్ళయింది. అమ్మ వంటింట్లో ఉంది, గిన్నెల మోత వినిపిస్తోంది. అవ్వ నా పక్కనే ఉంది. నాయన భోంచేసి మేడ మీదికి పోవడం చూశాను. నేను లేవలేదు. (ధైర్యం లేక కాదు, కాళ్ళు లేక. ఆ క్షణాన అవి ఎక్కడున్నాయో నాకు తెలియలేదు.) చప్పుడు ఆగిపోయిన చాలాసేపటికి పోయి చూశాను. దుప్పటి మడత పెట్టి పక్కన ఉంది. మిషను మెడ మీద బొట్టు ఉంది. నా స్టిక్కరు కాదు, కుంకుమ, తడి ఇంకా ఆరలేదు. సూదిలో ఎర్రదారం ఎక్కించి ఉంది. ఫోన్ తీసి మిషను ఆడదా మగదా అని వెతికాను. లా మాకినా, ఆడది. ఏదైనా రెండిట్లో ఒకటే అవుతుందని, సగానికి సగం అవకాశమని చదువుకున్నవాడిగా నాకు తెలుసు. ఆ గదిలో ఒక్కణ్ణీ నిలబడి ఉన్నప్పుడు ఆ చదువు ఎందుకూ పనికిరాలేదు.

అప్పట్నుంచి నా పరీక్ష కన్నా కుర్చీయే పెద్ద సమస్య అయింది. ఎందుకంటే మా ఇంట్లో వీడియోకి సరిపడా సిగ్నలు అందేది ఆ కిటికీ దగ్గర మాత్రమే. శుక్రవారం అక్కడే కూర్చుని మాట్లాడాలి. అవ్వ శుక్రవారమే పూజ అంది. నేను బతిమాలాను, ఒక్క గంట ఆగమన్నాను. "అది ఇన్ని ఏండ్లు ఆగినది. నీ స్పెయినామె ఒక గంట ఆగలేదా?" అంది. అమ్మ అటక మీదినుంచి తాటాకు పెట్టె దింపించింది. కొత్త బట్టకి కొట్లు లేవని తన పెట్టెలోంచి మడత విప్పని చీర ఒకటి తీసింది. నాయన చూసి, వసారాలోకి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నారు. నా ఉద్యోగం, సేత్తూరు పాములు, ఏవీ ఎవరికీ పట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని (కింద లుంగీయే) కిటికీ ముందు నేల మీద కూర్చున్నాను. నా వెనక ఆ కుర్చీ. దానికి చీర చుట్టి ఉంది, కొంగు మెడ చుట్టూ తిప్పి ఉంది, మల్లెలు, బొట్టు, కింద అరిటాకులో పొంగలి. చూడకూడదనుకుంటూనే తిరిగి చూశాను. మనిషి కూర్చున్నట్టే ఉంది. ఫోన్ మోగింది. తెర మీద నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ, ఇంకోపక్క చిన్న గడిలో చెమటలు కక్కుతూ బ్యాండేజీ సారు. నమస్కారం చెప్పాను, గుడ్డ గురించి బట్టీ పట్టింది అప్పజెప్పాను. ఆవిడ నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. ఆమె ఎవరు అని అడిగింది.

అబద్ధం చెప్పడానికైనా మాటలు కావాలి కదా. నాకు వచ్చినవి కొన్నే. "లా సియ్యా ఎస్ మి తీయా" అన్నాను. ఆ కుర్చీ మా అత్త అని అర్థం. బ్యాండేజీ సారుకి స్పానిష్ రాకపోయినా ఏదో మునిగిందని తెలిసి తల పట్టుకున్నారు. నేను ఇంకా తొందరపడి, చనిపోయింది, చిన్నది, పెళ్ళి లేదు, జ్వరం, అని వరసగా ముక్కలు విసిరాను. చెబుతున్నప్పుడే అనుకున్నాను, సేత్తూరుకి ఏ బస్సూ తిరగడం లేదు, నడిచే పోవాలని.

ఆవిడ నవ్వలేదు. ఫోన్ చేత పట్టుకుని లేచింది. బొమ్మ అటూ ఇటూ ఊగి, ఒక గది కనిపించింది. కిటికీ పక్కన ఒక కుర్చీ, దాని వీపు మీద మడిచి వేసిన ఊలు శాలువా. ఆవిడ మెల్లగా, పసిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. మా అమ్మ. ఆసుపత్రి మంచం. తలుపు మూసేశారు. చూడనివ్వలేదు. కిటికీ దగ్గర ఈ కుర్చీ. రోజూ పొద్దున దీనికి నమస్కారం చెబుతాను. అన్నీ నేను బొట్లు పెట్టిన మాటలే, తలుపు, కిటికీ, మంచం, కుర్చీ. ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా అర్థమయ్యాయి. తరవాత ఆవిడ అడిగింది, మీ అత్త పేరేమిటి అని.

నాకు తెలియదు! ఆ కుటుంబంలో పుట్టి పెరిగి, ఆమె పొంగలి తిని, ఆమె పేరు నాకు తెలియదు. వెనక్కి తిరిగి, "అవ్వా, అత్త పేరు అడుగుతా ఉన్నారు" అన్నాను. అవ్వ నోరు తెరిచింది, మాట రాలేదు. పెదవులు ఆడుతున్నాయి, ఎన్నేళ్ళుగానో పలకని పేరు బయటికి రావడం లేదు. అప్పుడు వసారా గుమ్మంలోంచి నాయన గొంతు వినపడింది. ఆయన ఆ పేరు చెప్పారు. మామూలుగా, వీధిలో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు పిలిచారు. (ఆ పేరు ఇక్కడ రాయను. అది మాది.)

స్పెయినావిడ ఆ పేరును నోట్లో తిప్పి తిప్పి, విరిచి, వంకర చేసి, కుర్చీవైపు చూస్తూ గట్టిగా పలికింది. "పిలిచినది చూడు! యా ఊరి తల్లో, నా బిడ్డను పేరు పెట్టి పిలిచినది చూడు!" అని అవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. నాయన లోపలికొచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. "మిషను మీద బొట్టు నేనే పెట్టినాను అమ్మా" అన్నారు. "తుప్పు పట్టి ఉండినది. పెరటి మెట్లు దిగి వచ్చి నూనె పోసి తిప్పి చూసినాను. నా బడి చొక్కాలు అది కుట్టినవే కదా. పెట్టె అటక మీద వేసినప్పటి నుంచి నిద్రే రాలేదు." కూలబడ్డ తల్లి ఒళ్ళో ఆ పెద్దమనిషి తల పెట్టుకోవడం నేను చూశాను. తెర మీద ఆవిడ కూడా చూసింది. బ్యాండేజీ సారు మాత్రం ఈ కంపెనీ ఇంక లేదు అన్నట్టు కళ్ళు మూసుకుని ఉన్నారు.

గుడ్డ గురించి ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. మర్నాడు సారు ఫోన్ చేసి, ఆవిడ ఆర్డరు పంపిందనీ, ఇకమీద ఆ పిల్లవాడితోనే మాట్లాడతానందనీ చెప్పారు. "ఏమప్పా చెప్పినావు ఆమెకు?" అని అడిగారు. సుమ్మా మాట్లాడినాను సార్ అన్నాను. సూదిలో దారం సంగతి తరవాత నాయనను అడిగాను. "నాకు కళ్ళద్దాలు పెట్టుకున్నా సూది బెజ్జం తెలీదు, నేనెట్ల ఎక్కిస్తాను?" అన్నారు. అమ్మ తాను ఆ గదిలోకే పోలేదంది. అవ్వకు దగ్గరవి కళ్ళకు ఆనవు. దాని మీద మా ఇంట్లో ఇంకెవరూ మాట్లాడరు.

ఆ ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నాకు స్పానిష్ బాగానే వచ్చు, ఏది ఆడదో ఏది మగదో తడబడను. స్పెయినావిడ నెలకోసారి పిలిస్తే, నాయన పిలవకుండానే చొక్కా వేసుకుని వచ్చి నా వెనక నిలబడతారు. ఒక్క ముక్క అర్థం కాదు, ఆ ఒక్క పేరు ఆవిడ పలికేదాకా నిలబడి, పలికాక లోపలికి పోతారు. వీధులు తెరిచాక ఒక కుర్రాడు, అంటే అప్పటి నేను, స్పానిష్‌లో మాట్లాడి కంపెనీని నిలబెట్టానని వీధి వీధీ చెప్పుకు తిరిగాడు. వాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ జాలీ ఒకేసారి వస్తాయి. ఒక తల్లిని పోగొట్టుకున్న కూతురూ, ఒక కూతుర్ని పోగొట్టుకున్న తల్లీ ఆ మధ్యాహ్నం మాట్లాడుకున్నారు. వాడు చేసిందల్లా, చెయ్యి వణకకుండా ఫోన్ పట్టుకోవడమే. అదీ సరిగ్గా పట్టుకోలేదు.